జాకెట్లు కుట్టే చదువని నవ్వుతున్నారు, మానేసి ఇంటికి వెళ్లిపోనా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ నాలుగేళ్ల కోర్సులో మూడో ఏడాది చదువుతున్నాను. నాన్న కౌలుకు తీసుకుని రొయ్యల చెరువు చేస్తారు. కిందటి పంటకి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువంతా పోయింది. అమ్మ లేసు అల్లుతుంది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను గానీ స్నేహితులకెవరికీ చెప్పలేదు. నా మొదటి కుట్టుమిషను అమ్మ లేసు డబ్బులతో కొన్నదే. సంక్రాంతికి ఇంటికి వెళ్తే చుట్టాలందరి ముందూ పెదనాన్న, "ఇంజినీరింగ్ సీటొదిలేసి జాకెట్లు కుట్టే చదువు చదువుతున్నాడు మావాడు" అన్నారు. అందరూ నవ్వారు. నాన్న లేచి బయటికి వెళ్లిపోయారు. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇక్కడేమో వచ్చే కలెక్షన్ కోసం నేను చేసిన మూడ్‌బోర్డు (డిజైన్ ఆలోచన చెప్పడానికి బొమ్మలు, గుడ్డముక్కలు అతికించే అట్ట) చూసి మా మేడమ్, "ఇవన్నీ ఎక్కడో చూసిన బొమ్మలే, ఇందులో నువ్వెక్కడున్నావ్?" అన్నారు. తోటివాళ్లు దేశాలు తిరిగొచ్చినవాళ్లు. నాకు మా ఊరు తప్ప ఏం తెలుసు? రాత్రి రెండింటి దాకా ఫోన్లో డిజైన్లు చూస్తూనే ఉంటాను. పొద్దున్న లేవలేను. గీయబుద్ధి కావడం లేదు. చెల్లి ఇంటర్‌లో ఉంది. నా ఫీజు మిగిలితే దాని చదువుకైనా పనికొస్తుంది. మానేసి ఇంటికి వెళ్లిపోనా?

జవాబు: బాబూ, మానొద్దు. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి మాట్లాడుకుందాం. నాలుగేళ్లలో ఎక్కువ భాగం గడిచిపోయింది. ఇప్పుడు వదిలేస్తే నాన్న ఇన్నాళ్లూ కట్టిన ఫీజుకు చేతిలో డిగ్రీ కాగితం కూడా మిగలదు. చెల్లి గురించి నువ్వు ఆలోచించడం నాకు నచ్చింది. కానీ అది హాస్టల్ గదిలో అర్ధరాత్రి నువ్వొక్కడివే తేల్చే విషయం కాదు, నలుగురూ కూర్చుని లెక్క వేసుకోవాల్సింది. ఆ లెక్క దగ్గరికి తర్వాత వస్తాను.

నీ ఉత్తరంలో పెదనాన్న మాట కంటే, అమ్మ గురించి రాసిన నాలుగు ముక్కల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. అమ్మ లేసు అల్లుతుంది, నీకూ వచ్చు, ఎవరికీ చెప్పలేదు, నీ మిషను ఆ డబ్బుదే. అంత చేసే మనిషి గురించి బయటివాళ్లు అడిగితే మీ ఇంట్లో ఏం చెబుతారు? "ఇంట్లోనే ఉంటుంది" అంటారు, అవునా?

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం వంటపని ముగిశాక అరుగుల మీద ఆడవాళ్లు లేసు పట్టుకుని కూర్చోవడం నీకు పుట్టినప్పటినుంచీ కనిపిస్తున్నదే. ఒళ్లో నూలు ఉండ, ఎడమచేతి వేలికి చుట్టిన దారం, కుడిచేతిలో కొక్కెం సూది. నోరు ఊరి కబుర్లలో ఉంటుంది, వేళ్లు మాత్రం లెక్క తప్పవు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది, బేరం చేసి ఎగుమతికి పంపేది వేరొకరు. 1840ల్లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు ఈ పని నేర్పారని చెబుతారు. ఆ సూది ఆ తర్వాత తల్లి చేతినుంచి కూతురి చేతికి వస్తూనే ఉంది. 2024లో నరసాపురం లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా దక్కింది. అయినా ఇంట్లో మాత్రం అది "ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుకుంటుంది" కిందే జమ.

నాకు కనిపిస్తున్నది ఇదీ: మీ ఇంట్లో దారంతో చేసే పనిని ఎవరూ ఎప్పుడూ పనిగా లెక్కపెట్టలేదు. మిషను కొనేంత డబ్బు వచ్చినా లెక్కలోకి రాలేదు. అలాంటి ఇంట్లో నీ చదువును మాత్రం చదువుగా లెక్కపెట్టమంటే ఉన్నట్టుండి ఎలా కుదురుతుంది? నువ్వు కూడా ఆ ఇంటి పిల్లవాడివే. అందుకే నీకు లేసు వచ్చన్న సంగతి దాచుకున్నావు. నిన్ను తప్పుపట్టడం లేదు. పెదనాన్న నవ్వూ నీ సిగ్గూ ఒకే చోటినుంచి వచ్చాయని చెబుతున్నానంతే. పెదనాన్నను మార్చడం నీ చేతిలో లేదు. నీ సిగ్గును వదిలించుకోవడం నీ చేతిలో ఉంది.

మీ మేడమ్ అన్నమాట నిన్ను నొప్పించింది గానీ, ఆవిడ అడగాల్సిందే అడిగారు. రాత్రంతా ఫోన్లో చూసేవి పూర్తయిన బట్టలు, మంచి వెలుతురులో తీసిన ఫొటోలు. అవి ఎవరు తొడుక్కోవడానికి, ఎక్కడ బిగుతైతే ఎక్కడ వదులు చేశారు, ఎన్నిసార్లు విప్పి కుట్టారు అన్నది ఫొటోలో ఉండదు. డిజైనరుకు కావాల్సింది అదే. అది నీకు ఊళ్లో ఉచితంగా దొరుకుతుంది.

నాట్లకు దిగే ఆడవాళ్లను ఎప్పుడైనా పరీక్షగా చూశావా? బురద తగలకుండా చీర ఎగదోపుతారు, కొంగు నడుముకు బిగిస్తారు, రోజంతా వంగి లేచినా ఆ కట్టు జారదు. కత్తెర లేదు, పిన్ను లేదు, గుండీ లేదు. మీ డ్రేపింగ్ క్లాసులో బొమ్మ మీద గుడ్డ వేసి నేర్పేదాన్ని వాళ్లు పొలంలో, కదిలే ఒంటి మీద చేస్తున్నారు. ఆ కట్టును ఒక్కో మడతా ఆపి చూపించమని అడుగు. గీసుకో. ఎక్కడ ముడి పడింది, బరువు ఎక్కడ ఆగింది అని పక్కన రాసుకో. మగవాళ్లు లుంగీ ఎగ్గట్టే తీరు కూడా చూడు.

ఆ ఆడవాళ్ల జాకెట్లు కూడా చూడు. చెయ్యి పైకెత్తితే జాకెట్ మొత్తం పైకి లేస్తుందని మీ అమ్మో అత్తో అనే ఉంటారు. చంక భాగం కిందికి దింపి కత్తిరిస్తే వదులుగా హాయిగా ఉంటుందనుకుంటారు, కానీ అప్పుడే చెయ్యి ఎత్తడం కష్టమవుతుంది. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి ఆడుతుంది. ఇది నీకు ప్యాటర్న్ క్లాసులో చెప్పే ఉంటారు. రోజంతా చేతులెత్తి పనిచేసే ఆడవాళ్లకు సరిపడే జాకెట్ ఒకటి నువ్వు తయారుచేస్తే, పెదనాన్న ఎగతాళి చేసిన ఆ జాకెట్ చదువే ఒకరి భుజం నొప్పి తగ్గించవచ్చు. రొయ్యల షెడ్లలో గంటల తరబడి చన్నీళ్లలో, ఐసులో చేతులు పెట్టి నిలబడే ఆడపిల్లలు వేసుకునే ఆప్రాన్ సంగతి ఎవరు ఆలోచించారు? అర్ధరాత్రి టార్చి పట్టుకుని చెరువు గట్టు మీద తిరిగే మీ నాన్న వానాకాలంలో ఏం వేసుకుంటారు? టార్చి ఎక్కడ పెట్టుకుంటారు? నీ తోటివాళ్లు ఎన్ని దేశాలు తిరిగినా ఈ ప్రశ్నలు వాళ్లకు తట్టవు.

రంగులు కావాలంటే నరసాపురంలో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటు. సఖినేటిపల్లి వైపు మోరిలో, అమలాపురం దగ్గర బండారులంకలో చేనేత మగ్గాలున్నాయి. కాస్త దూరమైనా ఉప్పాడ వెళ్లి జాందానీ నేత చూడు. పువ్వు ఎక్కడ రావాలో అక్కడ మాత్రమే విడి దారాన్ని చేత్తో ఎక్కించి నేస్తారు, అందుకే వెనకవైపు కూడా అంత శుభ్రంగా ఉంటుంది. కనుమనాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే, వెదురుతో కట్టిన ఎత్తయిన ప్రభకు రంగుల గుడ్డలు ఎలా చుట్టారో, అంత బరువును భుజాలమీద మోసుకొస్తుంటే అది చెదరకుండా ఎలా నిలిచిందో చూడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఆ తీర్థం మీదే. ఊరి పనివాళ్లు కడతారు దాన్ని.

లేసు గురించి ఒక హెచ్చరిక. గౌను అంచుకు నాలుగు పువ్వులు కుట్టి "మా ఊరి కళ" అని రాస్తే మీ మేడమ్ మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. అమ్మ పక్కన మళ్లీ కూర్చో. గుండ్రంగా అల్లేటప్పుడు వరసకు అల్లికలు తగినన్ని పెంచితే బల్లమీద పరిచినట్టు చదునుగా వస్తుంది. తక్కువ పెంచితే అంచు లోపలికి ముడుచుకుని గిన్నెలా అవుతుంది. ఎక్కువ పెంచితే అలలు తిరిగి కుచ్చిళ్లు పడుతుంది. మీ అమ్మకు ఇది చేతి లెక్క. గుడ్డను కత్తిరించి, డార్ట్ (వంపు కోసం మడిచి వేసే కుట్టు) వేసి నువ్వు తెచ్చే భుజం వంపును ఆవిడ ఒక్క ముక్క వృథా కాకుండా దారంతోనే తేగలదు. భుజం నుంచి మోచేతి దాకా ఒక జాకెట్ చెయ్యి అల్లమని అడుగు. కొలతలు నువ్వివ్వు, అల్లికలు ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో ఆవిడ చెబుతుంది. మీ ఇద్దరికీ అది కొత్త పనే అవుతుంది.

ఆ చెయ్యికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకో. కాస్టింగ్ షీట్‌లో, అంటే ఖర్చుల లెక్క కాగితంలో, గుడ్డ, నూలు, గుండీలతో పాటు అమ్మ గంటలకు కూలి కట్టి వేయి. ఏజెంటు ఇచ్చే రేటు వద్దు, నైపుణ్యం ఉన్న మనిషికి ఇవ్వాల్సిన కూలి వేయి. పోర్ట్‌ఫోలియోలో అమ్మ పేరు, ఊరి పేరు రాయి. ఆ షీటు ఇంటికి తీసుకెళ్లి నాన్నకు చూపించు. మీ ఇంట్లో ఆ పనికి మొదటిసారి ఒక అంకె పడుతుంది.

నాన్న సంగతి. ఆయన బయటికి వెళ్లిపోయారంటే నీవల్ల సిగ్గుపడ్డారని నువ్వనుకుంటున్నావు. ఉండొచ్చు. పంట పోయిన ఏడాదిలో అన్నగారు ఇంటి సంగతి నలుగురిలో ఎత్తినందుకు కూడా కావచ్చు. నీ పక్షాన ఏం చెప్పాలో మాట దొరక్కపోయి కూడా వెళ్లి ఉండొచ్చు. అడిగితే గానీ తెలియదు. ఫోన్లో వద్దు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు సాయంత్రం మేత వేళకు ఆయనతో చెరువు దగ్గరికి వెళ్లు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలు లేపడంలో చెయ్యి వేయి. చేతిలో పనుంటే మగవాళ్లకు మాట తేలిగ్గా వస్తుంది. "ఆ రోజు మీరు లేచి వెళ్లిపోతే నాకు బాధేసింది నాన్నా, నా చదువు మీకు ఇష్టం లేదా?" అని సూటిగా అడుగు. ఆయన చెప్పేది పూర్తిగా విను, మధ్యలో వాదించకు.

సీడు (రొయ్య పిల్లలు) వేసినప్పటినుంచి పట్టుబడి దాకా ఏమవుతుందో తెలియకుండా లక్షలు నీళ్లలో పోసే మనిషి ఆయన. అనిశ్చితి ఆయనకు కొత్త కాదు. ఆయనకు కావాల్సింది లెక్క. ఇంకా ఎంత ఫీజు కట్టాలి, కోర్సు ఎప్పుడు అయిపోతుంది, తర్వాత ఏ పనులున్నాయి అన్నది కాగితం మీద పెట్టు. ఫ్యాషన్ అంటే ర్యాంపు మీద నడవడమే అనుకునే ఇంటికి, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ప్యాటర్న్ మేకర్లు, మర్చండైజర్లు, క్వాలిటీ చూసేవాళ్లు ఉంటారని తెలియదు. తిరుప్పూర్, బెంగళూరు సరే, మన అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల తయారీ కేంద్రం కూడా ఆ పనులు జరిగే చోటే. సినిమా కాస్ట్యూమ్ విభాగం హైదరాబాద్‌లోనే ఉంది. 'మహానటి' సినిమాకు దుస్తుల రూపకల్పనలో జాతీయ అవార్డు అందుకున్న ముగ్గురిలో గౌరంగ్ షా ఒకరు, జాందానీ నేతతోనే పేరు తెచ్చుకున్నాయన, మగవాడే. మన ఊళ్లలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టే టైలర్లలో చాలామంది మగవాళ్లే కదా, వాళ్లను చూసి ఎవరు నవ్వుతున్నారు?

ఫీజు వాయిదాల్లో కట్టే వీలుందేమో, స్కాలర్‌షిప్పులేమైనా ఉన్నాయేమో కాలేజీ ఆఫీసులో అడుగు. మిగిలిన కాలానికి బ్యాంకు విద్యారుణం వస్తుందేమో విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూడు, సంతకం పెట్టేముందు వడ్డీ లెక్క నాన్నతో కలిసి చెయ్యి. సెలవురోజుల్లో బొటీక్‌లో ఆల్టరేషన్లు చేసినా, చీరలకు ఫాల్, పీకో వేసినా నీ చేతి ఖర్చు నీకొస్తుంది. చెల్లి చదువు కోసం నువ్వు చేయగలిగింది ప్రస్తుతానికి ఇంతే, ఇది చిన్నదేం కాదు.

నిద్ర గురించి గట్టిగా చెప్పాలి. రాత్రి పదకొండు దాటాక ఫోను మంచం దగ్గర ఉండకూడదు. సబ్మిషన్ల వారం వేరు, రోజూ రెండింటి దాకా మేలుకుంటే ఎంత ఇష్టమైన పనైనా విసుగు పుడుతుంది. పొద్దున్నే ఫోను ముట్టుకోకముందు కాసేపు, బాగున్నా బాగాలేకపోయినా, పెన్సిల్‌తో ఏదో ఒకటి గీయి. మెస్‌లో వడ్డించే ఆవిడ కొంగు దోపుకున్న తీరు గీసినా చాలు. ఇలా చేసినా రెండు వారాలకు కూడా తినబుద్ధి, గీయబుద్ధి కాకుండా ఉంటే అది బద్ధకం కాదు, డాక్టర్‌ను కలవాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతుకు మీద విరక్తి లాంటిది ఎప్పుడు కలిగినా ఆ రెండు వారాలు కూడా ఆగకు, వెంటనే చెయ్యి.

పెదనాన్నకు ఇప్పుడు జవాబు చెప్పక్కర్లేదు. మళ్లీ "జాకెట్లు కుడుతున్నావా" అని అడిగితే "అవును పెదనాన్నా, కుడుతున్నాను" అను. పెద్దమ్మ చెయ్యెత్తినప్పుడు జాకెట్ ఎక్కడ పట్టేస్తుందో ఆవిడనే అడిగి, కొలతలు తీసుకుని రా.