బుధవారం ప్రార్థన పెడుతున్న మేనకోడలికి

చిట్టీ, ప్రభువు పేరిట వందనాలు.

మియాపూర్‌లో మీ ఫ్లాట్‌లోనే బుధవారం సాయంత్రాలు రోగుల కోసం ప్రార్థన పెడుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పమంటే నా కొంగు వెనక దాక్కున్న పిల్లవి, ఇప్పుడు జబ్బుపడ్డవాళ్ళ మీద చేతులుంచి ప్రార్థన చేస్తావా! గర్వంగానే ఉంది. రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు.

ఓనర్‌తో ముందే మాట్లాడు. మైకు వద్దు, కానుక పెట్టె అసలే వద్దు. ఎనిమిదిన్నరకల్లా ముగించు, ఆడవాళ్ళు బస్సులెక్కి ఇళ్ళకు చేరాలి. మిగతావి నీకే తెలుసు.

నా భయం వేరు. మీ మావయ్య సంగతి నీకు సగమే తెలుసు. ఆయనకు షుగర్. అప్పట్లో ఊళ్ళో స్వస్థత కూటాలు పెడితే వెళ్ళాడు, నమ్మినవాళ్ళు మాత్రలు పారేయండని స్టేజీ మీద నుంచి ఒకాయన అన్నాడు, ఈయన ఇంటికొచ్చి డబ్బా తీసుకెళ్ళి చెత్తలో పడేశాడు. నేను గొడవపడ్డాను, మీ నాన్న వచ్చి చెప్పాడు, వినలేదు. ఆ రాత్రి ఆయన ముఖంలో ఉన్న సంతోషం అబద్ధమని నేననను. కొన్నాళ్ళకు కాలికి చిన్న పుండు లేచింది. కట్టు కట్టించుకోమంటే, నేను అనుమానిస్తే దేవుడు ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడు అన్నాడు. చివరికి ఆస్పత్రిలో కాలు తీసేశారు. అదైనా ఓర్చుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచం పక్కన నిలబడి, "విశ్వాసం తగ్గింది బ్రదర్" అన్నారే, అది ఓర్చుకోలేకపోయాడు. కర్రలతో నడవగలిగి కూడా గుడికి రావడం మానేశాడు. ఆదివారం నేను బైబిలు సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే గుమ్మంలో కూర్చుని, పాటలు ఏవి పాడారో వచ్చాక చెప్పు అనేవాడు.

బైబిల్లో జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు ఇంకో 15 ఏళ్ళు ఆయుష్షిస్తానని దేవుడే మాటిచ్చాడు, అయినా యెషయా ప్రవక్త ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, తనతో తిరిగిన త్రోఫిమును జబ్బుతోనే మిలేతు ఊళ్ళో వదిలి వెళ్ళాడు. పౌలుకు విశ్వాసం తక్కువా మరి? ఆ కూటంలో ఎవరైనా లేచి ఈ మాట అడిగి ఉంటే బావుండేది.

మన ఒంగోలు ప్రార్థన కొండ గుర్తుందా? ఎక్కేటప్పుడు ఎత్తుకోమని ఏడ్చేదానివి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జువెట్ దొర ఇంకో నలుగురితో అక్కడే మోకరించాడు, ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో మాట నడిచిన రోజులవి. అదే మిషన్ నుంచి క్లౌ దొర ఒంగోలు వచ్చేసరికి 1866. 1876-78 కరువులో జనానికి కూలి దొరకాలని ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టుకు తీసుకున్నాడు గానీ, అన్నం కోసం వచ్చి మతంలో కలిశారనే మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాతే, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. మనవాళ్ళంతా ఆ అంకె గొప్పగా చెబుతారు. నాకు మాత్రం ఆయన ఆగడమే గొప్పగా తోస్తుంది. ఆకలి మీదున్నవాళ్ళ దగ్గర విశ్వాసం గుంజుకోలేదు. నొప్పితో వచ్చినవాళ్ళ దగ్గర నువ్వూ గుంజుకోకు.

అలాగని జంకుతూ ప్రార్థన చెయ్యకు. గట్టిగా అడుగు. నువ్వు నెలలు నిండకుండా పుట్టి గాజు పెట్టెలో ఉన్నప్పుడు, డాక్టరమ్మ ఏ మాటా చెప్పలేనంటే, వరండాలో మోకాళ్ళ మీద నేనెలా అడిగానో మీ అమ్మకు తెలుసు. మావయ్య కాలి కోసమూ అలాగే అడిగాను. ఒకటి ఇచ్చాడు, ఒకటి ఇవ్వలేదు. ఎందుకని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

బాగైనవాళ్ళను సాక్ష్యం చెప్పనివ్వు. బాగుకానివాళ్ళు మళ్ళీ వారం రాకపోతే నువ్వే ఫోన్ చెయ్యి, ఎందుకు రాలేదని కాదు, తిన్నారా అని. మాత్రలు వేసుకుంటున్నారా అని కూడా. పక్కింటి హిందువులామె వస్తే మొదటి రోజే సంఘంలో చేరమని మీద పడకు. పౌలు బోధ విన్న లూదియ అనే ఆమె హృదయాన్ని ప్రభువు తెరిచాడని రాసి ఉంది, పౌలు తెరిచాడని లేదు.

మొదటి బుధవారానికి నేనూ వస్తాను. కిందటిసారి మీ లిఫ్టు పాడై మూడంతస్తులూ ఎక్కాను, బాగుచేయించారా? నా మోకాళ్ళ కోసం ప్రార్థన చేస్తానంటావు, చెయ్యి. లిఫ్టు సంగతి కూడా కనుక్కో.

మీ అత్తయ్య