ఈ మధ్య వస్తున్న సినిమాలు, సిరీస్‌లు, డాక్యుమెంటరీలు మీకు ఎందుకు నచ్చడం లేదు?

కథల్లేవని కొందరు, రీమేకులని కొందరు, హీరోల పారితోషికాలని కొందరు ఇప్పటికే రాశారు. నా జవాబు వేరు. ఇప్పుడు తీసేవాళ్ళు మనల్ని ఏదీ విననివ్వడం లేదు. మనిషి మాట్లాడుతుంటే వెనక సంగీతం, మాట ఆపితే ముందుకొచ్చి సంగీతం. తలుపు తీస్తే ఒక మోత, వేస్తే ఇంకో మోత. కథ బాగుందో లేదో తేల్చుకునే దాకా నేను వెళ్ళనే లేకపోతున్నాను.

ఈ మాట అనే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను. మా నాన్న సౌండ్ ఎఫెక్ట్స్‌లో పనిచేశారు. 1971లో తెనాలి నుంచి మద్రాసు వచ్చి, కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో ముప్పై ఏళ్ళు గడిపారు. గుర్రం పరిగెత్తితే కొబ్బరి చిప్పలు, ఉరిమితే రేకు, వాన పడితే చాటలో బియ్యం, మంటకు సెల్లోఫేన్ కాగితం. మా ఇంట్లో గోనె సంచి నిండా పాత చెప్పులు ఉండేవి. ఆడవాళ్ళ హైహీల్స్, కిర్రు చెప్పులు, పోలీసు బూట్లు, అన్నీ ఒంటి కాలివే ఎక్కువ. అమ్మ దీపావళికి ఇల్లు దులిపినప్పుడల్లా ఆ సంచి బయట పెట్టేది, నాన్న సాయంత్రానికి లోపలికి తెచ్చేవారు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయాక కూడా డబ్బింగ్ పని ఉంది కదా అని మేం ఇక్కడే ఉండిపోయాం. అలా చెన్నై మా ఊరైపోయింది.

నాకు పదేళ్ళప్పుడు ఒక ఎఫెక్ట్స్ రికార్డింగుకు తీసుకెళ్ళారు. తెర మీద ఒక ముసలావిడ మంచినీళ్ళ చెంబు అరుగు మీద పెడుతుంది, అంతే. ఆ ఒక్క చప్పుడు కోసం నాన్న మూడు చెంబులు మార్చారు. ఖాళీ చెంబు పెడితే గట్టిగా మోగింది. నిండు చెంబు పెడితే మొద్దుగా వచ్చింది. సగం నీళ్ళు పోసి, కింద గోనె ముక్క వేసి, మెల్లగా పెట్టారు. అప్పుడు సౌండ్ ఇంజనీరు గాజు గది లోంచి చెయ్యి ఊపాడు. "సగం చెంబే ఎందుకు నాన్నా?" అంటే "కొడుకు తాగకుండా వెళ్ళిపోయాడు కదమ్మా, ఈవిడే ఒక గుక్క తాగి పెట్టింది" అన్నారు. ఆ గుక్క తాగడం సినిమాలో ఎక్కడా చూపించలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2015 డిసెంబరు 1, మంగళవారం. అప్పుడు మేం జాఫర్‌ఖాన్‌పేటలో, అడయారు నదికి దగ్గర్లో, కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. అమ్మానాన్న, నేను, ఆరేళ్ళ మా బాబు. మావారు ఆఫీసులో ఇరుక్కుపోయారు. పగలంతా వాన. సాయంత్రానికి కరెంటు తీసేశారు, ఫోన్లు పోయాయి. రాత్రి పదకొండు దాటాక బాత్‌రూమ్ తూములోంచి నీళ్ళు పైకి తన్నడం మొదలైంది. వరద వీధిలోంచి వస్తుందనుకుంటాం, ముందు ఇంట్లోంచే వస్తుంది. బాబును ఎత్తుకుని, సర్టిఫికెట్ల సంచి, అమ్మ మందులు పట్టుకుని మేడ మీద ఓనరు వాళ్ళింటికి ఎక్కేశాం. ఓనరమ్మ ఏమీ అడక్కుండా చాపలు పరిచింది.

రెండు గంటల వేళ వాన ఆగింది. అంత చీకటి, అంత నిశ్శబ్దం చెన్నైలో నేను ఎప్పుడూ ఎరగను. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, మెయిన్ రోడ్డు మీద బస్సు లేదు. కప్పలు అరుస్తున్నాయి. ఉన్నట్టుండి కింద నుంచి ఒక చప్పుడు. కాసేపాగి మళ్ళీ. ఎవరో తలుపు తడుతున్నట్టే ఉంది. బాబు నా మెడ పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. ఓనరు టార్చి వెతుకుతున్నాడు. నాన్న గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నారు. "సిలిండరు" అన్నారు. "ఖాళీది. గేటు కమ్మీలకు తగులుతోంది."

మెట్ల కింద పెట్టిన మా ఖాళీ గ్యాస్ సిలిండరు అది. నిండుది తగిలితే అంత మోగదట, మొద్దుగా వస్తుందట. ఆ తర్వాత గంట సేపు నాన్న ఆ చప్పుడును బట్టే నీళ్ళు ఎంత దూరం వచ్చాయో చెబుతూ కూర్చున్నారు. "ఇప్పుడు మధ్య కమ్మీ." "ఇప్పుడు పైపట్టీ, మోత మారింది చూడు, అక్కడ ఇనుము మందం." మూడు దాటాక చప్పుడు ఆగిపోయింది. మా బాబు అప్పటికి నిద్రపోయాడు. పోనీలే ఆగింది అనుకున్నాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అమ్మకు వినపడకుండా "గేటు మునిగింది తల్లీ" అన్నారు. సిలిండరు గేటు మీదుగా వీధిలోకి వెళ్ళిపోయింది. తెల్లారాక జాలర్ల పడవ ఒకటి వచ్చి మమ్మల్ని దింపింది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ వరద మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. నలుగురు కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చారు. మర్యాదస్తులు, అమ్మ పెట్టిన ఇడ్లీలు తిన్నారు, రెండు గంటలు నాన్నను కూర్చోబెట్టి అడిగారు. ఆయన జీవితంలో ఎవరూ ఆయన్ని అంతసేపు అడగలేదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. సిలిండరు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. "చప్పుడు ఆగిపోయింది" అన్నాక ఆగారు. నేను పక్కనే ఉన్నాను. ఆ రాత్రి ఆగినట్టే ఆగారు. కెమెరా పట్టుకున్న కుర్రాడు కూడా ఊపిరి బిగబట్టాడు.

అది వచ్చిన రోజు ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. గంటన్నర సినిమాలో నాన్న ఇరవై సెకన్లు ఉన్నారు. "రాత్రి ఒక చప్పుడు వినపడింది" అన్నారు, వెంటనే వయొలిన్లు. "చప్పుడు ఆగిపోయింది" అన్నారు, ఆగడం కోసేశారు, వయొలిన్లు పైకి లేచాయి, సాయంత్రపు ఎండలో ఊరు మొత్తం డ్రోన్ షాట్. సిలిండరన్న మాటే లేదు. గేటు లేదు. ఏ చప్పుడో ఎవరికీ అర్థం కాదు. నాన్న రిమోట్ తీసుకుని సౌండ్ పెంచారు, తన మాట వినపడుతుందేమోనని. తర్వాత తగ్గించారు. "ఆ పిల్లలు నేను చెప్పింది వినలేదు తల్లీ" అని లేచి లోపలికి వెళ్ళారు.

ఇంకొక అన్యాయం కూడా ఉంది. ఆ రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల నీళ్ళు అడయారులోకి వదిలారు. ముందే కొంచెం కొంచెంగా ఎందుకు వదల్లేదన్నది ఈ ఊళ్ళో అందరూ అడిగిన ప్రశ్న. 2018లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక కూడా ఇది మనుషులు తెచ్చిపెట్టిన విపత్తే అంది. డాక్యుమెంటరీ అంటే నా దృష్టిలో అక్కడికి వెళ్ళాలి, ఆ కాగితాలు తిప్పాలి. వీళ్ళ సినిమాలో చెరువు పేరు ఒక్కసారి వచ్చింది, అదీ మ్యాపు మీద. మిగతా అంతా "చెన్నై స్ఫూర్తి". స్ఫూర్తి నిజమే, జాలర్ల పడవ ఎక్కినదాన్ని, నాకు తెలుసు. కానీ గేట్లు ఎత్తింది స్ఫూర్తి కాదు కదా. సంగీతం పెట్టేస్తే అడగాల్సిన ప్రశ్న అడిగేసినట్టు, ఏడవాల్సినది ఏడ్చేసినట్టు అనిపిస్తుంది. ఇంక ఎవరూ ఏమీ అడగరు.

సినిమాల సంగతీ ఇదే. నాన్న దగ్గర పని నేర్చుకున్న ఒకాయన ఇప్పుడు మిక్సింగ్ ఇంజనీరు. ఆయన చెప్పాక నాకు విషయం తెలిసింది. థియేటర్లో సౌండును నడిపే డాల్బీ ప్రాసెసర్ మీద 7 అని ఒక గుర్తు ఉంటుంది. అక్కడ పెడితే మిక్సింగ్ చేసినప్పుడు ఎంత మోతగా విన్నారో హాల్లోనూ అంతే వినాలి. జనం చెవులు మూసుకుంటున్నారని హాలు వాళ్ళు దాన్ని 5కో ఇంకా కిందికో దించుతారు. ఎలాగూ దించుతారని తెలిసి తీసేవాళ్ళు ఇంకొంచెం పెంచి పంపుతారు. హాలు వాళ్ళు ఇంకా దించుతారు. ఈ లాగులాటలో నలిగిపోయేది మాట. ఫైటు మాత్రం ఎంత దించినా ఛాతీ మీద గుద్దుతుంది. పోయిన నెల ఒక మల్టీప్లెక్స్‌లో తెలుగు సినిమాకు వెళ్ళి, తెలుగు మాటలు అర్థం కాక కింద వేసిన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాను. మన భాష మనం చదివి అర్థం చేసుకోవాల్సిన ఖర్మ ఏమిటి? పక్కసీటు పెద్దాయన ఇంటర్వెల్‌లో దూది అడిగాడు.

పాత సినిమాల్లో మాత్రం గోల లేదా అంటారు. ఉంది. కానీ అప్పుడు మోనో. తెర వెనక నుంచి వచ్చే ఒకే ట్రాకు. మాట, పాట, చప్పుడు అన్నీ ఒకేసారి పోస్తే ముద్దయిపోయేది. కాబట్టి ఈ క్షణంలో ఏది వినపడాలో ఎవరో ఒకరు తేల్చుకోక తప్పేది కాదు. దర్శకుడు, ఇంజనీరు, మా నాన్నలాంటివాళ్ళు కొట్లాడుకుని తేల్చుకునేవారు. "ఇక్కడ ఆర్ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) వద్దు, చెంబు చాలు" అనే మాట ఆ కొట్లాటలోంచి పుట్టేది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ అనే సౌండ్ పద్ధతిలో 128 ట్రాకుల దాకా పెట్టుకోవచ్చట. ఇంక తేల్చుకోవాల్సిన అవసరమే లేదు, అన్నీ పెట్టేస్తారు. సౌకర్యం ఎక్కువైన చోట తీర్పు తగ్గిపోయిందని నా గట్టి నమ్మకం. దీనికి నా దగ్గర లెక్కలు లేవు, చెవులున్నాయి.

సిరీస్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఎనిమిది భాగాల్లో రెండు భాగాల కథ. పాత్రలు చేసేదంతా పైకి చెప్పేస్తుంటాయి: "నేను ఇప్పుడు అతని ఇంటికి వెళ్తున్నాను", "ఈ ఫైల్ చాలా ముఖ్యమైనది". మనం ఫోన్ చూసుకుంటూ చూస్తామని వాళ్ళే నిర్ణయించేశారు. వేరే భాషల నుంచి వచ్చేవాటి డబ్బింగ్ అయితే మరీ బాధ. "నువ్వు నన్ను తమాషా చేస్తున్నావా", "నేను దాని మీద పనిచేస్తున్నాను" అని ఏ తెలుగువాడు అంటాడు? ఒకప్పుడు ఇదే వడపళనిలో డబ్బింగ్ రచయితలు పెదవుల కదలికకు సరిపడే తెలుగు మాట కోసం ఒక్క డైలాగు మీద గంట కూర్చునేవారు. నటుడు నోరు మూసే చోట ప, బ, మ పడాలని, పడినా అది మనం మాట్లాడుకునే మాటే అయి ఉండాలని పట్టుదల. ఆ మనుషులు చాలామంది ఈ ఊళ్ళోనే ఉన్నారు, పని లేక ఇంట్లో కూర్చున్నారు. వాళ్ళను పిలిచి ఒక్కసారి చదివించుకున్నా సగం తప్పులు పోతాయి.

ఆ మధ్య నాన్నను తీసుకుని వడపళని వైపు వెళ్ళాను. 1957లో మాయాబజార్ తీసిన విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి ఉంది, మాల్ ఉంది. ఆయన దాని గురించి బాధపడలేదు, ఊళ్ళు మారతాయి. ఆటోలో వస్తుంటే సిగ్నల్ దగ్గర గ్యాస్ బండి ఆగింది. సిలిండర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. నాన్న తల అటు తిప్పి, "పైవరసలోవి నిండువి" అన్నారు.

ఆ డాక్యుమెంటరీ వాళ్ళకు నేను మెయిల్ రాశాను. నిశ్శబ్దం పెడితే చూసేవాళ్ళు మార్చేస్తారని పైనుంచి చెప్పారట. నాన్న మాట్లాడిన రెండు గంటల ఆడియో అయినా పంపమని అడిగాను. చూస్తాం మేడమ్ అన్నారు, నాలుగు నెలలైంది. మీలో ఎవరైనా ఆ బృందంలో పనిచేసి ఉంటే, హార్డ్ డిస్క్ ఇంకా చెరిపేయకపోతే, దయచేసి అది నాకు ఇప్పించండి. మధ్యలో ఆయన ఆగిన చోట్లు కత్తిరించకుండా, సంగీతం కలపకుండా.