కేదార్‌కంఠ ట్రెక్‌తో మహిళల షెల్టర్ హోమ్‌కి డబ్బు సేకరించడం ఎలా?

డిసెంబరు చివర్లో హైదరాబాద్ ఆఫీసు నుంచి ఎనిమిది మంది ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కి, ఇంట్లో హింస భరించలేక బయటికొచ్చిన ఆడవాళ్లుండే హోమ్‌కి విరాళాలు పోగు చేయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. కొండకి మూడు నెలల తయారీ చాలు.

ట్రెక్ ఫీజు, డెహ్రాడూన్ దాకా ప్రయాణం, అద్దె సామాను అంతా మీ జేబులోంచే పోవాలి. విరాళం ఒక్క రూపాయి అందులో కలిసినా "మా డబ్బుతో మంచు చూసొచ్చారు" అంటారు, అనడంలో తప్పూ లేదు. పోస్టర్ మీదే రాసేయండి: ఖర్చులు మావి, మీరిచ్చేదంతా హోమ్‌ది.

మీలో ఒకరి ఫోన్‌పే నంబరుకి వసూలు చేయడం మామూలుగా జరిగే పొరపాటు. అలా చేస్తే దాతల పేరున రశీదులు రావు, మీ ఖాతాలో అంత సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం వస్తుంది. నేరుగా సంస్థ ఖాతాకే వేయించండి. దాతలకి పన్ను మినహాయింపు రావాలంటే సంస్థకి ఉండాల్సిన 80జి కాగితం అడిగి గడువు తేదీ చూడండి. దాతల పేర్లు పాన్ కార్డులో ఉన్నట్టే, నంబరుతో సహా తీసుకోండి. ఒక్క అంకె తేడా వచ్చినా మినహాయింపు చిక్కులో పడుతుంది. నగదుగా ఇచ్చింది 2,000 రూపాయలు దాటితే మినహాయింపు ఉండదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే లేదు, ముందే చెప్పేయండి.

అమెరికాలో ఉన్న చుట్టాలు పంపుతామంటే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని హోమ్ దాన్ని తీసుకుంటే ఇరుక్కునేది హోమే.

ఏం కావాలో హోమ్ వాళ్లనే అడగండి. పాత చీరలు కాదు వాళ్లకి కొరత. రాత్రి కాపలా మనిషి జీతం, కోర్టు వాయిదాకి ఆటో ఛార్జీ, పిల్లల ఫీజులు... వీటికి ఎవరూ ఇవ్వరు. ఒక తల్లికీ ఇద్దరు పిల్లలకీ నెలకెంతవుతుందో వాళ్ల లెక్కల్లోంచి తీసుకుని పోస్టర్ మీద వేయండి.

హోమ్ అడ్రసు, అక్కడివాళ్ల ఫొటోలు ఎక్కడా పెట్టొద్దు, ముఖాలు బ్లర్ చేసినా సరే. వెనకాల పడ్డ గేటో, పక్క కిరాణా కొట్టు బోర్డో చాలు, వెతుక్కుంటూ తిరిగే మొగుడికి. చెక్కు ఫొటో మీ ఆఫీసులోనే దిగండి.

ఇక కొండ. ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రి ఎత్తు 6,400 అడుగులు, శిఖరం 12,500. ఎక్కడం కంటే దిగడంలోనే మోకాళ్లు మొరాయిస్తాయి. ఒకటిన్నర లీటరు నీళ్ల సీసాలు నాలుగు బ్యాగులో వేసుకుని వారానికి మూడు రోజులు అపార్టుమెంటు మెట్లెక్కండి. దిగేటప్పుడు లిఫ్టు వద్దు. 5 కిలోమీటర్లు 35 నిమిషాల్లో పరుగెత్తగలిగితే ఊపిరికి ఢోకా లేదు. బూట్లు కనీసం నెల ముందు కొని, మందపాటి సాక్సుతోనే సైజు చూడండి. బయల్దేరే రెండు రోజుల ముందు కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు బూటు ముందు భాగానికి గుద్దుకుని నల్లబడతాయి. లోపల కాటన్ బనియన్ వేసుకుంటే చెమట ఆరక వణుకు పుడుతుంది. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరుని అడక్కుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. తలనొప్పితో పాటు వాంతి వచ్చినట్టుంటే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే ఆ మనిషిని కిందికి దింపేయాలి. విరాళాలు ఇచ్చినవాళ్లకి ఏం చెప్పాలన్న మొహమాటంతో జనం లక్షణాలు దాచేది ఇక్కడే. శిఖరం ఎక్కకపోయినా విరాళం హోమ్‌దేనని ముందే రాసిపెడితే ఆ బెడద ఉండదు.

పైన నెట్‌వర్క్ మీద ఆశ పెట్టుకోవద్దు, చలికి ఫోన్ ఛార్జింగ్ కూడా ఇట్టే దిగిపోతుంది. రశీదుల గురించి అడిగేవాళ్లకి జవాబివ్వడానికి హైదరాబాద్‌లో ఒకరిని కూర్చోబెట్టి వెళ్లండి.