మీరడిగారు: లైట్లకు కాదు, ర్యామ్‌కు పెట్టండి డబ్బులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గోల. మోషన్ గ్రాఫిక్స్‌కి (కదిలే అక్షరాలు, బొమ్మలు), వీఎఫ్ఎక్స్‌కి (వీడియోలో కలిపే విజువల్ ఎఫెక్టులు) ఏ కంప్యూటర్ కొనాలి అని. అందరికీ విడివిడిగా రాయలేను కాబట్టి నాలుగు ఏరాను.

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లిరికల్ వీడియోలు, యూట్యూబ్ చానళ్లకు టైటిళ్లు, పెళ్లి ఇన్విటేషన్లు చేస్తాను. బడ్జెట్ లక్షా ఇరవై వేలు. ద్వారకానగర్‌లో ఒక షాపులో ఇచ్చిన కోటేషన్‌లో సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోతోంది, ర్యామ్ మాత్రం 16 జీబీ. ‘గ్రాఫిక్స్ పనికి గ్రాఫిక్స్ కార్డే కదా ముఖ్యం’ అంటున్నాడు షాపాయన. నిజమేనా సార్?

జవాబు: నీ పని వరకు కాదు తమ్ముడూ. రెండు చోట్లా ‘గ్రాఫిక్స్’ అనే మాట ఉండటం వల్ల వచ్చిన తిప్పలివి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో లేయర్ల మీద లేయర్లు పేర్చి, మాస్కులు గీసి, అక్షరాలు ఎగరేసే పనిలో ఎక్కువ భారం ప్రాసెసర్ మీదా ర్యామ్ మీదా పడుతుంది. కొన్ని ఎఫెక్టులు కార్డును వాడుకుంటాయి, ఎలిమెంట్ 3డీ లాంటి ప్లగిన్ (విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) దాని మీదే బతుకుతుంది, అంతే.

స్పేస్ బార్ నొక్కితే టైమ్‌లైన్ పైన పచ్చ గీత పాకుతుంది చూడు, ఆ గీత ఎంత పొడవుంటే అన్ని ఫ్రేములు ర్యామ్‌లో కూర్చున్నట్టు. ఫుల్ హెచ్‌డీ, 8 బిట్‌లో (బిట్లు పెరిగేకొద్దీ రంగుల వివరం పెరుగుతుంది) ఒక్కో ఫ్రేము దాదాపు 8 ఎంబీ. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన పది సెకన్లకు 2 జీబీ, ఫర్వాలేదు. అదే 4కే, 16 బిట్ పెట్టావనుకో, ఒక్కో ఫ్రేము 66 ఎంబీ, అవే పది సెకన్లు 16 జీబీ దాటిపోతాయి. ఇంకా విండోస్ కూర్చోవాలి, పక్కన నువ్వు తెరిచి పెట్టుకున్న ఇరవై క్రోమ్ ట్యాబులూ కూర్చోవాలి. నేను 16 జీబీతో రెండేళ్లు లాగాను, పచ్చ గీత పల్లవి సగంలో ఆగిపోయేది, అక్కడికి మ్యూజిక్ బీట్ సరిపోయిందో లేదో చూడాలంటే క్వాలిటీ పావుకి తగ్గించుకుని చూసుకోవడమే.

ఇంకో సంగతి. 2021 అక్టోబరులో వచ్చిన వెర్షన్ నుంచి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఒకేసారి నాలుగైదు ఫ్రేములను ప్రాసెసర్‌లోని వేర్వేరు కోర్ల మీద రెండర్ చేయగలుగుతోంది, అంటే లెక్కకట్టి తుది బొమ్మగా తయారు చేయగలుగుతోంది. మంచిదే, కానీ ఒకేసారి అన్ని ఫ్రేములు వండాలంటే అన్ని గిన్నెలూ కావాలి కదా, ర్యామ్ లేకపోతే కోర్లు ఊరికే కూర్చుంటాయి. కాబట్టి 32 జీబీకి తగ్గకు, వీలైతే 64. ఒకే రకం రెండు స్టిక్కులు వేయించు. క్యాష్ కోసం, అంటే తయారైన ఫ్రేములు తాత్కాలికంగా దాచుకోవడానికి, విడిగా ఒక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) పెట్టించు. కార్డు మధ్యరకం చాలు, మెరిసే ఫ్యాన్లున్న క్యాబినెట్ అసలే వద్దు.

రేపు బ్లెండర్‌కో, రెడ్‌షిఫ్ట్‌కో, ఆక్టేన్‌కో, అంటే 3డీ పనికి వెళ్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. అవి ఎక్కువగా కార్డు మీద రెండర్ చేస్తాయి, అప్పుడు సీను బరువంతా కార్డు సొంత మెమరీలో పట్టాలి, పట్టకపోతే రెండరింగ్ నత్తనడక నడుస్తుంది లేదా మధ్యలో ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. అప్పుడు కార్డు ఎంత కొత్తది అన్నదానికంటే మెమరీ 8 జీబీయా, 12ఆ, 16ఆ అన్నది ముందు చూడాలి. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, 5060 టీఐ అనే ఎన్‌విడియా కార్డులు రెండూ 8లోనూ 16లోనూ వచ్చాయి, పేరు అదే, డబ్బా దాదాపు అదే. బిల్లు మీద ఆ అంకె రాయించుకో.

ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఒక పని చెయ్. ఇప్పుడున్న కంప్యూటర్‌లోనే నీ దగ్గరున్న అన్నిటికంటే బరువైన ప్రాజెక్ట్ తెరిచి, రెండర్ పెట్టి, పక్కన టాస్క్ మేనేజర్ చూడు. మెమరీ నిండిపోయి డిస్కు గిలగిల్లాడుతుంటే ర్యామ్ చాలడం లేదు. మెమరీ ఖాళీగా ఉండి ప్రాసెసర్ వందకు అంటుకుంటే ప్రాసెసర్. ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని షాపుకెళ్లి మాట్లాడు.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను, స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని. మా అమ్మాయి యానిమేషన్ కోర్సులో చేరింది, ల్యాప్‌టాప్ కావాలంటోంది. రెండు కంపెనీల్లో చూశాం, రెండింటిలోనూ ఆర్‌టీఎక్స్ 4060 కార్డే, ధరలో మాత్రం ఇరవై వేలు తేడా. తక్కువది తీసుకోవచ్చా?

జవాబు: తొందరపడకండి. ల్యాప్‌టాప్‌లలో ఈ కార్డుకు ఇచ్చే కరెంటు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కంపెనీ ఇష్టం. తక్కువ వాట్లది అయితే పేరు గొప్ప, ఊరు దిబ్బ. స్పెసిఫికేషన్లలో టీజీపీ అని ఉంటుంది, కార్డుకు ఇచ్చే వాట్లు అవే, అది అడగండి. ర్యామ్ మార్చుకునేలా ఉందా, బోర్డుకే అతికించేశారా అన్నదీ అడగండి.

స్క్రీన్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. చవక గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్ (తక్కువ రంగులే చూపించగల తెర) వేస్తారు, రంగులు వెలవెలబోతాయి. పట్టుచీర ఎరుపు ఇటుక రంగులా కనిపిస్తుంది, పిల్ల ఎరుపు పెంచుతుంది, తీరా ఫోన్‌లో చూస్తే చీర మండిపోతూ ఉంటుంది. వంద శాతం ఎస్ఆర్‌జీబీ (తెరలకు మామూలుగా వాడే రంగుల కొలత) ఉన్నదే తీసుకోండి. హాస్టల్లో ఉండే పిల్ల కాకపోతే మాత్రం, అదే డబ్బుకు డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది, వేడికి మందగించదు.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా మా ఇల్లు. రెండేళ్లకే క్యాబినెట్ స్క్రూలు తుప్పు పట్టాయి. ర్యామ్ రబ్బరుతో రుద్దితే గానీ సిస్టమ్ ఆన్ కావడం లేదు. పైగా రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే కరెంటు పోయి పొద్దున్నకి ఏమీ మిగలడం లేదు.

జవాబు: మన ఊళ్లో కిటికీ గ్రిల్స్‌నే వదలని ఉప్పుగాలి కంప్యూటర్‌ని వదులుతుందా! సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టకండి. నెలల తరబడి కట్టేసి ఉంచకండి, రోజూ కాసేపు నడిస్తే లోపలి వేడికి చెమ్మ నిలవదు. రబ్బరుతో మాటిమాటికీ రుద్దితే పిన్నుల మీది బంగారు పూత పోతుంది, ఆ తర్వాత తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఏసీ గది కట్టేసి వెంటనే కిటికీలు బార్లా తెరిచే అలవాటుంటే మానుకోండి, చల్లబడిన వస్తువుల మీద చెమ్మ చేరుతుంది.

కరెంటు మాటకొస్తే, 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. పెద్ద కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి అది దాటితే కరెంటు పోయిన క్షణంలోనే అదీ చేతులెత్తేస్తుంది. పెద్దది తీసుకోండి, అదైనా ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికే, రాత్రంతా నడపడానికి కాదు. అసలు తప్పు నేరుగా ఎంపీ4కి రెండర్ పెట్టడం. పీఎన్‌జీ లేదా ఈఎక్స్ఆర్ ఫ్రేములుగా, అంటే ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మ ఫైలుగా పెట్టండి. 180వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే పొద్దున్న లేచి 181 నుంచి మొదలుపెట్టుకోవచ్చు, వీడియోగా కలపడం చివర్లో నిమిషాల పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, క్లయింట్ ఫైళ్ల కాపీ ఒకటి వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉంచండి.

ప్రశ్న: మ్యాక్ కొంటే తప్పా? (సీతమ్మధార)

జవాబు: తప్పేం కాదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ చక్కగా నడుస్తుంది, బ్లెండర్ కూడా 2022లో వచ్చిన 3.1 నుంచి దాని గ్రాఫిక్స్‌ని వాడుకుంటోంది. ఎన్‌విడియా కార్డు ఉంటేనే నడిచే ప్లగిన్లు మీ పనిలో ఉన్నాయేమో మాత్రం ముందే జాబితా రాసుకోండి. మ్యాక్‌లో మెమరీ తర్వాత పెంచుకోవడం కుదరదు, కొన్న రోజు ఎంతో అమ్మేసే రోజూ అంతే, కాబట్టి ఈఎంఐ ఇంకో రెండు నెలలు పెరిగినా మెమరీ ఎక్కువున్నదే బుక్ చేయండి.