పాత బ్రిటిష్ బైక్‌ను వారాల తరబడి కదపకపోతే ట్యాంకులో ఇంజిన్ ఆయిల్ ఎందుకు తగ్గిపోతుంది?

ఆ ఆయిల్ ఎక్కడికీ పోదు, పంపు సందుల్లోంచి మెల్లగా కారి ఇంజిన్ అడుగున క్రాంక్‌కేసులో చేరుతుంది. 1960ల నాటి నార్టన్, ట్రయంఫ్, బీఎస్ఏ ట్విన్ (రెండు సిలిండర్ల) బైకుల్లో చాలావాటికి ఆయిల్ విడిగా, పంపు కంటే ఎత్తులో ఉన్న ట్యాంకులో ఉంటుంది. పంపులో ఒక సగం ఆయిల్‌ను ఇంజిన్‌కు పంపుతుంది, రెండో సగం కింద చేరినదాన్ని లాగి మళ్లీ ట్యాంకులో పోస్తుంది. ఇంజిన్ ఆపితే లాగడం ఆగిపోతుంది, కిందికి కారడం మాత్రం ఆగదు.

ఉదాహరణకు, 1967లో వచ్చిన నార్టన్ కమాండోలో ఉండేది గేర్ పంపు, అంటే పళ్ల చక్రాలు తిరిగి ఆయిల్‌ను నెట్టేది. అది అరిగేకొద్దీ గేర్ల పక్క సందు పెరిగి ఆయిల్ త్వరగా దిగిపోతుంది. ట్రయంఫ్‌లోని ప్లంజర్ పంపులోనైతే (కడ్డీ పైకీ కిందికీ ఆడి ఆయిల్‌ను నెట్టేది) ఆయిల్ దారిని మూసే చిన్న గుండు, అంటే బాల్ వాల్వు, కింద చిన్న నలుసు ఇరుక్కున్నా చాలు, ఆయిల్ కారిపోతుంది.

ఆయిల్ తగ్గిందనుకుని పైన పోసేయడమే చాలామంది చేసే పొరపాటు. స్టార్ట్ చేయగానే కిందిదంతా తిరిగొచ్చి ట్యాంకు పొంగుతుంది. అలా దిగిన ఆయిల్ కాలి సైలెన్సర్‌లోంచి నీలంగా పొగ వస్తే పిస్టన్ రింగులు పోయాయని టెన్షన్ పడటం ఇంకోటి. ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపాకే లెవెల్ చూడాలి. బాగా దిగిపోయి ఉంటే స్టార్ట్ చేసే ముందే క్రాంక్‌కేసు డ్రెయిన్ ప్లగ్ విప్పి ఆ ఆయిల్ తీసేయడం మేలు. ఆయిల్ కిందికి కారకుండా కొందరు ఆయిల్ పైపుకు ట్యాప్ బిగిస్తారు. దాన్ని తెరవడం మరిచి స్టార్ట్ చేస్తే ఆయిల్ అందక బేరింగులు పోతాయి.