పారిస్ వెళ్ళి కాపీ కొట్టారా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది నల్లకుంట. మా చెల్లెలి కూతురు మాసబ్ ట్యాంక్‌లో బీఎఫ్ఏ చదువుతోంది, మొన్న ఆదివారం ఇంటికొస్తే దానికీ మా అబ్బాయికీ పెద్ద లొల్లి. ఇటలీ ఫ్యూచరిస్టులు (వేగం, యంత్రాలంటే పడిచచ్చే చిత్రకారులు) పారిస్ వెళ్ళి పికాసో, బ్రాక్‌ల క్యూబిజం (వస్తువుని ముక్కలు చేసి అన్ని వైపులా ఒకేసారి చూపే పద్ధతి) చూసి దించేశారు, అంతే అని మావాడు, నీకేం తెలుసు బావా అని అది. మధ్యలో నేను ఇద్దరికీ చాయ్ పోసి కూర్చున్నా. ఎవరిది రైటు?

జవాబు: సగం మీవాడిదే రైటండీ, ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ "అంతే" ఉంది చూశారూ, అక్కడే నాకు పేచీ.

ఈ ఫ్యూచరిస్టుల కన్ను మొదట్నుంచీ పారిస్ మీదే. దీన్ని మొదలుపెట్టిన ఇటలీ కవి మారినెట్టి తన ఫ్యూచరిజం మేనిఫెస్టోని 1909 ఫిబ్రవరి 20న పారిస్ పేపర్ లె ఫిగారో ఫస్ట్ పేజీలో, అదీ ఫ్రెంచ్‌లో వేయించుకున్నాడు. వీళ్ళలో సెవెరీని అనే చిత్రకారుడైతే 1906 నుంచీ అక్కడే మకాం, 1913లో పాల్ ఫోర్ అనే ఫ్రెంచ్ కవికి అల్లుడు కూడా అయిపోయాడు. మీరు అక్కడ కూర్చుని ఏం గీస్తున్నారో గానీ ఒకసారి వచ్చి ఇక్కడ ఏం జరుగుతోందో చూడండి అని మిలాన్‌లోని తోటి ఫ్యూచరిస్టుల వెంటపడింది ఈయనే. అలా 1911 చివర్లో బొచ్చోని, కర్రా వాళ్ళు వెళ్ళారు. (బొచ్చోని పేరు చూసి నవ్వకండి, ఇటలీలో అలాగే పలుకుతారు.)

ఇప్పుడు పిల్లలిద్దరికీ ఒక పని చెప్పండి. బొచ్చోని "మానసిక స్థితులు" అని మూడు బొమ్మలు వేశాడు, రైల్వే స్టేషన్‌లో వీడ్కోలు, వెళ్ళేవాళ్ళు, ఉండిపోయేవాళ్ళు. తమాషా ఏంటంటే ఇవి రెండు సెట్లున్నాయి, పారిస్ వెళ్ళకముందు వేసినవి మిలాన్‌లో, వెళ్ళొచ్చాక వేసినవి న్యూయార్క్ మోమా మ్యూజియంలో. ఫోన్‌లో వీడ్కోలు బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి. మొదటిదాంట్లో అంతా అలలు అలలుగా రంగు, మనిషి ఎక్కడో పొగ ఎక్కడో తెలియదు. రెండోదాంట్లో ఇంజిన్ గట్టిగా వచ్చి కూర్చుంది, దాని మీద 6943 అని నంబర్, జనం ముక్కలు ముక్కలుగా. ఆ నంబరు వేయడం, ఆ ముక్కలు చేయడం క్యూబిస్టుల దగ్గర పట్టిందే, దాచేదేం లేదు. కానీ పికాసో, బ్రాక్ అప్పట్లో ఆ పద్ధతిలో ఏం వేస్తున్నారు? గిటారు, సీసా, కదలకుండా కూర్చున్న మనిషి. బొచ్చోని అదే కత్తి తీసుకుని సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు మన కడుపులో అయ్యే గాభరాని కోశాడు. దాన్ని కాపీ అనడానికి నాకు నోరు రాదు.

1912 ఫిబ్రవరిలో ఫ్యూచరిస్టులు పారిస్‌లోనే బెర్న్‌హైమ్-జన్ గ్యాలరీలో షో పెట్టారు, అక్కడి కవి, కళా విమర్శకుడు అపోలినేర్ పెదవి విరిచాడు. అదే అపోలినేర్ ఇంకో ఇటాలియన్ డి కిరికోని మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు! గ్రీసులో పుట్టిన ఇటలీ వాడు, 1911లో పారిస్ చేరాడు, ఖాళీ వీధులు, పొడుగు నీడలు, ఎక్కడో దూరంగా రైలు (మళ్ళీ రైలే!). కొన్నేళ్ళకి ఫ్రెంచ్ రచయిత బ్రెతాఁ బస్సులో పోతూ ఒక గ్యాలరీ అద్దంలో ఈయన బొమ్మ కనపడి దిగిపోయాడట, తర్వాత దాన్ని కొనుక్కున్నాడు కూడా. ఆ బ్రెతాఁనే 1924లో సర్రియలిజం (కలల్లాంటి వింత బొమ్మల ఉద్యమం) మేనిఫెస్టో రాసింది. మరి ఇక్కడ ఎవరు ఎవరి దగ్గర దించినట్టు, మీవాడిని అడగండి.

పికాసో స్పెయిన్ వాడే కానీ ఉన్నది పారిస్‌లో కదా, 1917లో ఒక బ్యాలే పని మీద రోమ్ వెళ్ళి నేపుల్స్, పాత రోమన్ నగరం పాంపే కూడా చూసొచ్చాడు. 1920ల మొదట్లో ఆయన వేసిన ఆ బండ శిల్పాల్లాంటి ఆడవాళ్ళని చూస్తే ఆ ట్రిప్పు గుర్తురాక మానదు.

ప్రశ్న: మోడిలియాని ఫ్రెంచా, ఇటాలియనా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: 1884లో ఇటలీ లివోర్నోలో పుట్టాడు, 1906లో పారిస్ వెళ్ళాడు, 1920లో అక్కడే పోయాడు, సమాధి కూడా అక్కడే. ఆ పొడుగు మెడల్లో ఇటలీలోని సియెనా ఊరి పాత బొమ్మలు వెతికేవాళ్ళున్నారు, ఆఫ్రికా మాస్కులు వెతికేవాళ్ళున్నారు, నాకు రెండూ కనిపిస్తాయి. పాస్‌పోర్టు సంగతి అడిగితే మాత్రం ఇటాలియనే అమ్మా.