లోగో దగ్గరే ఆగిన నాన్న కంప్యూటర్

ప్రశ్న: నాన్నగారి పాత విండోస్ 10 కంప్యూటర్ అప్‌డేట్ అవుతుండగా కరెంట్ పోయింది. రెండు రోజులుగా లోగో దగ్గరే ఆగిపోతోంది. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ తప్పదా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: టెన్షన్ పడకండమ్మా, ఫార్మాట్‌కు మాత్రం ఒప్పుకోకండి. ఫొటోలు చాలావరకు భద్రంగానే ఉంటాయి. లోగో రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. రెండు మూడుసార్లు అలా చేస్తే రిపేర్ తెర వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నొక్కండి.

కుదరలేదా? సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో 8 జీబీ పెన్‌డ్రైవ్ కొని, వేరే కంప్యూటర్‌లో దానిమీద లైనక్స్ మింట్ (విండోస్‌లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌తో నాన్నగారి కంప్యూటర్‌ను బూట్ చేసి (అంటే స్టార్ట్ చేసి), ‘ఇన్‌స్టాల్’ జోలికి పోకుండా ఫొటోలు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. మిగతా రిపేర్ల కంటే ముందు ఆ పనే చేయమంటాను నేను. డిస్కు టకటకమంటుంటే మాత్రం ఇవేవీ వద్దు, వెంటనే ఆపి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.